30 శాతం దగ్గరే ఫోన్ ఆగిపోతోందా? బోర్డు మార్పించే ముందు ఇవి చూడండి

మీరు రాసిన సమస్యను ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే ఇబ్బంది ఉన్న మరొకరికి కూడా పనికొస్తుంది. మీ నాన్నగారు విజయవాడలో ఆటో నడుపుతారు. ఆయన ఆండ్రాయిడ్ ఫోన్ కొని మూడున్నరేళ్లయింది, బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఈ మధ్య 30 శాతం చుట్టుపక్కలకు రాగానే ఫోన్ ఉన్నపళంగా ఆగిపోతోంది. చార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్లీ 28 అనో 31 అనో చూపిస్తోంది. చార్జింగ్ మాత్రం ఒకప్పటికంటే తొందరగా 100 అయిపోతోంది. ఒక షాపులో ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందన్నారు. ఇంకో షాపులో సాఫ్ట్‌వేర్ కొట్టిస్తే చాలన్నారు. మీరు ప్లే స్టోర్‌లో దొరికిన క్యాలిబ్రేషన్ యాప్ (బ్యాటరీ శాతం లెక్క సరిచేస్తామని చెప్పేది) కూడా వేసి చూశారు. ఏదీ తేలలేదు. బుకింగ్ మధ్యలో ఫోన్ ఆగిపోతే ఆ కిరాయి పోతోందని, యూపీఐలో డబ్బులు తీసుకోవడానికీ వీల్లేకుండా పోతోందని రాశారు.

బోర్డుకు డబ్బు కట్టకండి. సాఫ్ట్‌వేర్ కూడా కొట్టించకండి, ఫోటోలు, కాంటాక్టులు పోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒకే ఫోన్‌లో కలిసి కనిపిస్తున్నాయంటే దాదాపు ఖాయంగా బ్యాటరీ సెల్ అరిగిపోయినట్టే. అయితే నేను చెప్పానని నమ్మనక్కర్లేదు, ఇంట్లోనే కాసేపట్లో తేల్చుకునే పద్ధతి ఉంది. దానికి ముందు తెర మీద కనిపించే ఆ శాతం ఎక్కడినుంచి వస్తుందో తెలిసుండాలి. అది తెలియకపోతే ఏ షాపువాళ్లు ఏం చెప్పినా తల ఊపాల్సి వస్తుంది.

బ్యాటరీలో ఎంత చార్జ్ మిగిలిందో నేరుగా కొలవడం ఏ ఫోన్‌కీ సాధ్యం కాదు. లోపల ఫ్యూయల్ గేజ్ అని ఒక చిన్న ఐసీ (చిప్), లేదా ఫోన్‌కి కరెంటు పంచే పవర్ ఐసీలోనే ఒక భాగం ఉంటుంది. అది అంచనా వేస్తుంది, ఆ అంచనానే మనకు శాతంగా కనిపిస్తుంది. అంచనాకు రెండు ఆధారాలు. మొదటిది కరెంటు లెక్క. బ్యాటరీ దారిలో చాలా తక్కువ అడ్డు (కొన్ని మిల్లీఓమ్‌లు) ఉండే రెసిస్టర్ ఒకటి పెట్టి, దాని మీదుగా ఎంత కరెంటు లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని గేజ్ క్షణక్షణం కూడుకుంటూ పోతుంది. కొట్లో చిట్టా రాసుకోవడం లాంటిది ఇది. వచ్చిన సరుకు, పోయిన సరుకు రాస్తారు కానీ రోజూ బస్తాలు లెక్కపెట్టరు. రోజుకి కొంచెం తప్పు కలిసినా కొన్ని నెలలకి చిట్టా ఒకటి చెప్తుంది, కొట్లో ఇంకోటి ఉంటుంది.

అందుకే రెండో ఆధారం వోల్టేజ్. ఇది స్టాక్ తీసి చూసుకోవడం. ఫోన్ పక్కన పడి ఉండి, పెద్దగా కరెంటు లాగని సమయంలో గేజ్ సెల్ వోల్టేజ్ చూసి, తన దగ్గరున్న పట్టికతో పోల్చి చిట్టాను సరిచేసుకుంటుంది. ఇప్పటి ఫోన్ బ్యాటరీలు నిండుగా ఉన్నప్పుడు 4.4 వోల్టుల చుట్టూ, పాత తరం సెల్స్ అయితే 4.2 వోల్టులు ఉంటాయి. ఖాళీ అయ్యేసరికి 3.4 దాకా దిగుతాయి. చిక్కు ఎక్కడంటే ఈ దిగడం ఒకే తీరుగా ఉండదు. పైన కొంత దూరం గబగబా దిగి, మధ్యలో చాలాసేపు 3.7, 3.8 దగ్గర దాదాపు నిలబడిపోయి, చివర్లో ఒక్కసారిగా జారుతుంది. 60 శాతం నుంచి 20 శాతం దాకా వచ్చినా తేడా 0.15 వోల్టుల చుట్టూనే ఉంటుంది. అంటే ఆ మధ్య భాగంలో 0.01 వోల్టు పొరపాటు జరిగినా శాతం రెండు మూడు అంకెలు అటూ ఇటూ అయిపోతుంది. రీస్టార్ట్ చేస్తే 40 కాస్తా 34 అయిందని కంగారు పడేవాళ్లు చాలామంది ఉంటారు. ఫోన్ ఆన్ అయ్యే సమయంలో లోడ్ మీద, అంటే ఫోన్ కరెంటు లాగుతుండగా, వోల్టేజ్ చూసి గేజ్ మళ్లీ లెక్క మొదలుపెట్టడమే దీనికి సాధారణ కారణం.

ఇక మీ నాన్నగారి ఫోన్. గేజ్ దగ్గర మూడో అంకె ఒకటి ఉంటుంది: ఈ బ్యాటరీ పూర్తి కెపాసిటీ ఇప్పుడు ఎంత అన్నది. కొత్తలో 5000. సెల్ అరిగేకొద్దీ గేజ్ ఈ అంకెను కూడా తగ్గించుకోవాలి. తగ్గించుకోవాలంటే దానికి నిండు బ్యాటరీ, ఖాళీ బ్యాటరీ రెండూ అప్పుడప్పుడు కనిపించాలి. ఆటోలో పొద్దస్తమానం చార్జర్‌కి తగిలించి, 40కి 80కి మధ్యే తిరిగే ఫోన్‌కి ఆ రెండు చివరలూ కనిపించవు. సెల్ నిజంగా 3500కి దిగిపోయిందనుకోండి, గేజ్ ఇంకా 4500 అనే అనుకుంటోందనుకోండి. నిండు చార్జ్‌తో బయల్దేరి ఆ 3500 ఖర్చయ్యేసరికి సెల్ ఖాళీ. చిట్టాలో మాత్రం ఇంకా 1000 మిగిలే ఉంటుంది. 4500లో 1000 అంటే 22 శాతం. తెర మీద 22 ఉండగానే ఫోన్ ఆగిపోతుంది.

ఇది ఒక కారణం. రెండోది ఇంతకంటే ముఖ్యమైనది, చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోనిది. సెల్ పాతబడితే కెపాసిటీ తగ్గడమే కాదు, లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటు పారడానికి తగిలే అడ్డు, పెరుగుతుంది. రెసిస్టెన్స్ పెరిగిన సెల్ నుంచి ఎక్కువ కరెంటు ఒక్కసారిగా లాగితే వోల్టేజ్ కిందికి పడిపోతుంది. లెక్క చూడండి. సెల్ 3.7 వోల్టుల దగ్గర ఉంది, లోపలి రెసిస్టెన్స్ 0.2 ఓమ్‌కి చేరింది. మ్యాప్ నడుస్తోంది, తెర వెలుగు ఫుల్, అదే సమయంలో కాల్ వచ్చింది, ఫోన్ 2 ఆంపియర్లు లాగింది. 2ని 0.2తో గుణిస్తే 0.4 వోల్టులు. 3.7లోంచి 0.4 పోతే 3.3. అంతకంటే కిందికి పోతే సెల్‌కీ, డేటాకీ ప్రమాదమని పవర్ ఐసీ వెంటనే కరెంటు తెంచేస్తుంది. ఫోన్ ఆగిపోగానే లోడ్ పోయింది కాబట్టి వోల్టేజ్ మళ్లీ 3.7కి లేస్తుంది. మీరు చార్జర్ పెట్టి ఆన్ చేస్తే 28 శాతం చూపించడంలో అబద్ధం లేదు. ఆ చార్జ్ సెల్‌లో ఉంది. కావలసినంత వేగంగా బయటికి ఇచ్చే శక్తి సెల్‌కి లేదు.

ఇది ఏదో చవక ఫోన్లకే వచ్చే రోగం కాదు. ఐఫోన్ 6, 6ఎస్ ఫోన్లు చార్జ్ ఉండగానే ఆగిపోతున్నాయని ఫిర్యాదులు వస్తే, యాపిల్ 2017 జనవరిలో ఇచ్చిన ఐఓఎస్ 10.2.1 అప్‌డేట్‌తో పాత బ్యాటరీ ఉన్న ఫోన్లలో ప్రాసెసర్ వేగం తగ్గించడం మొదలుపెట్టింది. కరెంటు ఒక్కసారిగా లాగకుండా ఉంటే వోల్టేజ్ పడదు కదా. వాడేవాళ్లకు స్పష్టంగా చెప్పకుండా చేసినందుకు ఆ ఏడాది డిసెంబరులో పెద్ద గొడవైంది. కంపెనీ క్షమాపణ చెప్పి, వారంటీ దాటిన ఫోన్లకు 79 డాలర్ల బ్యాటరీ మార్పును 2018 అంతా 29 డాలర్లకే చేసింది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ అన్న పేజీ వచ్చింది కూడా ఆ గొడవ తర్వాతే, 2018 మార్చిలో. గూగుల్ నెక్సస్ 6పీ మీద కూడా ఇలాగే చార్జ్ ఉండగా ఆగిపోతోందని అమెరికాలో కేసు నడిచి 2019లో పరిహారంతో ముగిసింది.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. మొదట ఖర్చు లేని పని ఒకటి. ఈసారి ఫోన్ ఎలా ఆగిపోతోందో గమనించమని నాన్నగారికి చెప్పండి. "పవర్ ఆఫ్ అవుతోంది" అన్న మాటో, కంపెనీ లోగోనో చూపించి పద్ధతిగా ఆగిందా, లేక దీపం ఆర్పినట్టు తెర ఒక్కసారిగా నల్లబడిందా? పద్ధతిగా ఆగితే ఫోన్ తనకు తానే బ్యాటరీ ఖాళీ అనుకుని ఆగింది, అంటే శాతం ముందుగా 30 నుంచి 1కో 0కో దూకి ఉంటుంది. తెర ఒక్కసారిగా నల్లబడితే సాఫ్ట్‌వేర్‌కి తెలిసేలోపే కరెంటు తెగిపోయింది. మీరు రాసిన తీరు చూస్తే ఈ రెండోదే అనిపిస్తోంది. "సాఫ్ట్‌వేర్ కొట్టిస్తే పోతుంది" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది.

తర్వాత వోల్టేజ్. దీనికి అక్యూబ్యాటరీ లాంటి యాప్ ఒకటి చాలు, వోల్టేజ్, కరెంటు, వేడి మూడూ చూపిస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డయల్ ప్యాడ్ మీద *#*#4636#*#* కొడితే, కొన్ని శాంసంగ్ ఫోన్లలో *#0228# కొడితే బ్యాటరీ వివరాలు వస్తాయి, అన్ని మోడళ్లలో రావు. ఫోన్ 40 శాతం దగ్గరికి వచ్చాక తెర ఆర్పేసి పది పదిహేను నిమిషాలు కదపకుండా పెట్టండి. తర్వాత యాప్ తెరిచి వెంటనే వోల్టేజ్ రాసుకోండి. ఇప్పుడు తెర వెలుగు ఫుల్ చేయండి, టార్చ్ వేయండి, మొబైల్ డేటా మీద ఏదైనా పెద్ద వీడియో నడపండి, యాప్‌ను స్ప్లిట్ స్క్రీన్‌లో పక్కనే ఉంచుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో వోల్టేజ్ ఎక్కడికి పడిందో చూడండి. యాప్‌లో అంకె కొన్ని సెకన్లకోసారే మారుతుంది కాబట్టి రెప్పపాటులో వచ్చే అసలు పతనం ఇంకా లోతుగానే ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

బాగున్న సెల్ అయితే 3.8 దగ్గర మొదలై 3.7, మహా అయితే 3.65 దాకా దిగి అక్కడ నిలబడుతుంది. అదే 3.5కీ 3.45కీ జారిపోయి, టార్చ్, వీడియో ఆపగానే మళ్లీ 3.7 పైకి లేస్తే ఇంకేమీ చూడక్కర్లేదు. లోపలి రెసిస్టెన్స్ పెరిగిపోయింది, బ్యాటరీ మార్చాల్సిందే. ఏ యాప్, ఏ సెట్టింగ్, ఏ ఫార్మాట్ దాన్ని తగ్గించలేదు.

రెండో ఫలితం ఇంకో రకంగా ఉండొచ్చు. తెర మీద 40 శాతం అంటోంది, కానీ విశ్రాంతిలోనే వోల్టేజ్ 3.6 ఉంది. 3.6 అంటే సెల్ దాదాపు అడుగంటినట్టే, ఏ లెక్కన చూసినా అది 40 కాదు. ఇక్కడ గేజ్ దారి తప్పింది. దీనికి క్యాలిబ్రేషన్ పనిచేస్తుంది, కింద చెప్తాను. మూడో ఫలితం అరుదు: విశ్రాంతిలోనూ బాగుంది, లోడ్ మీదా 3.7 దగ్గర గట్టిగా నిలబడింది, అయినా ఫోన్ నల్లబడి ఆగిపోతోంది. అప్పుడు మాత్రమే బ్యాటరీ కనెక్టర్, స్ట్రిప్ (లోపలి పలచటి పట్టీ తీగ), బోర్డు గురించి మాట్లాడాలి.

చార్జింగ్ తొందరగా అయిపోవడం గురించి కూడా చెప్పాలి, మీరు దాన్ని మంచి గుర్తుగా రాశారు. కాదు. సెల్‌లో పట్టే జాగా తగ్గితే తొందరగానే నిండుతుంది. ఎంత తగ్గిందో కొలవాలంటే చార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ కొనుక్కోవచ్చు. ఎంఏహెచ్ అంకె చూడకండి, చార్జర్ వైపు వోల్టేజ్ 5 కావచ్చు, 9 కావచ్చు, కాబట్టి ఆ అంకె మోసం చేస్తుంది. మొత్తం ఎంత శక్తి వెళ్లిందో చెప్పే వాట్ అవర్ అంకె చూడండి. 5000 ఎంఏహెచ్‌ని (అంటే 5 ఆంపియర్ అవర్లు) సెల్ సగటు వోల్టేజ్ 3.87తో గుణిస్తే 19.35 వాట్ అవర్లు, మీ బ్యాటరీ మీద కూడా దాదాపు ఇంతే అచ్చువేసి ఉంటుంది. దారిలో వేడిగా పోయేది కలుపుకుంటే, ఫోన్ తనంతట ఆగిపోయిన స్థితి నుంచి ఆఫ్‌లోనే ఉంచి నిండా చార్జ్ చేస్తే కొత్త బ్యాటరీ 22, 23 వాట్ అవర్లు తీసుకోవాలి. మీది 14 దగ్గరే నిండిపోతే సెల్‌లో అరవై శాతం చుట్టూ మిగిలిందని అర్థం. ఇది ఉజ్జాయింపు లెక్కే, అయినా నిర్ణయం తీసుకోవడానికి సరిపోతుంది.

మూడున్నరేళ్లకే ఇలా అవుతుందా అని అడిగారు. అవుతుంది. రోజుకి ఒక పూర్తి సైకిల్ వేసుకున్నా ఇప్పటికి 1250 దాటాయి. సైకిల్ అంటే ఎన్నిసార్లు చార్జర్ పెట్టారన్నది కాదు, మొత్తం కలిపి 100 శాతం వాడితే ఒకటి. ఇవాళ 60, రేపు 40 వాడినా ఒకటే సైకిల్. ఐఫోన్ 14 దాకా యాపిల్ చెప్పిన హామీ 500 సైకిళ్లకు 80 శాతం మిగలడం, 15 నుంచి 1000 సైకిళ్లు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం కొత్త ఫోన్ బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత 80 శాతం నిలుపుకోవాలి. ఈ అంకెలన్నీ మామూలు ఉష్ణోగ్రతలో చేసిన పరీక్షలవి, మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోలో చేసినవి కావు.

క్యాలిబ్రేషన్ యాప్‌ల సంగతి. అవి చేసేది బ్యాటరీస్టాట్స్ అనే ఫైల్‌ని తుడిచేయడం, చాలా యాప్‌లు అది కూడా చేయవు, ప్రకటనలు మాత్రం చూపిస్తాయి. ఆ ఫైల్‌లో ఏ యాప్ ఎంత బ్యాటరీ వాడిందన్న వివరాలు ఉంటాయే తప్ప, తెర మీద శాతానికీ దానికీ సంబంధం లేదని గూగుల్ ఆండ్రాయిడ్ ఇంజినీర్ డయాన్ హ్యాక్‌బోర్న్ 2012లోనే స్పష్టంగా రాశారు. శాతం తేల్చేది ఫ్యూయల్ గేజ్. ప్లే స్టోర్ యాప్ చేతులు అక్కడిదాకా చేరవు. మనకు ఉన్న దారల్లా గేజ్‌కి నిండు, ఖాళీ రెండు చివరలూ చూపించడం.

దాని పద్ధతి ఇది. సెలవు రోజు చూసుకోండి. ఫోన్ దానంతట అది ఆగిపోయేదాకా వాడండి. చివర్లో బరువైన పనులేవీ పెట్టకుండా, తెర వెలుగు తగ్గించి ఏదైనా పాటో ఆడియోనో నడుస్తూ ఉండనివ్వండి, అప్పుడు వోల్టేజ్ పతనం అడ్డురాకుండా సెల్ నిజంగా ఖాళీ దాకా వెళ్తుంది. ఆగిపోయాక మళ్లీ మళ్లీ ఆన్ చేసి పిండకండి. రెండు మూడు గంటలు అలాగే వదిలేయండి, సెల్ వోల్టేజ్ కుదురుకోవాలి. తర్వాత ఆఫ్‌లోనే ఉంచి ఫోన్‌తో వచ్చిన చార్జర్‌తో 100 దాకా ఎక్కించండి, 100 చూపించాక ఇంకో గంట తీయకండి. ఎందుకంటే తెర మీద 100 వచ్చాక కూడా కరెంటు సన్నగా లోపలికి వెళ్తూనే ఉంటుంది, అది బాగా తగ్గిపోయాకే గేజ్ "ఇది నిండు" అని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఆన్ చేసి మామూలుగా వాడుకోండి. గేజ్ ఒక్కసారికే నేర్చుకోకపోతే వారం తర్వాత ఇంకోసారి చేయండి, అంతకుమించి వద్దు. పూర్తిగా ఖాళీ చేయడం సెల్‌కి మంచిది కాదు, నెలనెలా చేయాల్సిన పని కాదు. బ్యాటరీ ఉబ్బినట్టు ఉంటే మాత్రం ఈ ప్రయత్నమే చేయవద్దు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: క్యాలిబ్రేషన్ తర్వాత ఫోన్ 30 దగ్గర కాకుండా 2 శాతం దగ్గర ఆగడం మొదలైతే అంకె సరైంది, అంతే. మొత్తం మీద నడిచే గంటలు పెరగవు. నాన్నగారికి కావాల్సింది గంటలు.

కొత్త ఫోన్లు వాడేవాళ్లకు ఇక్కడ చిన్న సంగతి. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకున్నా అప్పుడప్పుడు ఫోన్ 100 దాకా వెళ్తే పాడైందనుకోకండి. శాతం లెక్క సరిగ్గా ఉండటానికే అలా చేస్తామని యాపిల్ కూడా చెబుతోంది.

మీది ఒక అంకె దగ్గర బిగుసుకుపోయే కేసు కాదు, అయినా చెప్తాను, ఎందుకంటే షాపుల్లో దీన్నీ దాన్నీ కలిపేస్తారు. ఎంత వాడినా 50 దగ్గరే ఉండిపోవడం, ఎంత చార్జ్ చేసినా 1 దాటకపోవడం, ఎండలో లేకపోయినా "బ్యాటరీ వేడెక్కింది" అనో "మరీ చల్లగా ఉంది" అనో హెచ్చరిక రావడం, ఇవి సెల్ అరిగిన లక్షణాలు కావు. బ్యాటరీ కనెక్టర్‌లో ప్లస్, మైనస్ కాకుండా ఇంకో ఒకటి రెండు పిన్నులు ఉంటాయి. ఏ బ్యాటరీ అన్నది, ఎంత వేడిగా ఉందన్నది ఫోన్‌కి చేరేది వాటి ద్వారానే. తేమ తగిలి ఆ పిన్ను పచ్చబారినా, ఫోన్ కిందపడి కనెక్టర్ కొంచెం లేచినా గేజ్‌కి ఈ సమాచారం అందదు. కనెక్టర్ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ బిగిస్తే బాగయ్యే ఫోన్లు ఉన్నాయి. అలాంటివాటికి కూడా బోర్డు మార్చమనేవాళ్లు ఉన్నారు.

సరే, బ్యాటరీ మార్చాలని తేలింది. మీ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఆ మోడల్ బ్యాటరీ ఉందేమో ముందు అడగండి. మూడున్నరేళ్ల మోడల్‌కి సాధారణంగా దొరుకుతుంది, బోర్డు ధరతో పోలిస్తే చిన్న మొత్తం. బయట వేయించాల్సి వస్తే నకిలీ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మన దేశంలో అమ్మే ఫోన్ బ్యాటరీ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16046 అన్న ప్రమాణం సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ ఆర్ నంబర్ కొడితే అది ఏ తయారీదారుడిదో కనిపిస్తుంది. కౌంటర్ దగ్గరే చూడండి, బిగించాక కాదు. బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ అని, పక్కన 15 వాట్ అవర్ అని ఉంటే లెక్క కుదరదు, పైన గుణించాం కదా. అదే సైజులో ఒరిజినల్ కంటే వెయ్యి ఎంఏహెచ్ ఎక్కువని రాసి ఉన్నదాన్ని ముట్టుకోకండి. తయారీ తేదీ చూడండి. డబ్బాలో కూర్చున్నా సెల్ అరుగుతూనే ఉంటుంది, మూడేళ్ల పాత స్టాక్ కొంటే కొత్తది కొన్నట్టు కాదు.

ఐఫోన్ వాళ్లకైతే ఇంకో బెడద. గేజ్ బ్యాటరీ మీదున్న చిన్న బోర్డులోనే ఉంటుంది కాబట్టి, పాత బ్యాటరీ హెల్త్ అంకెను ప్రోగ్రామర్ అనే పరికరం పెట్టి 100కి మార్చేసి అమ్మేవాళ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఉన్నారు. నాలుగేళ్ల ఫోన్‌లో హెల్త్ 100 కనిపిస్తే సంతోషపడకుండా, బ్యాటరీ మార్చిన బిల్లు అడగండి, సెట్టింగ్స్‌లో విడిభాగాల చరిత్ర చూడండి. అమెరికా నుంచి పిల్లలు పంపిన పాత ఐఫోన్‌ని అమ్మానాన్నలు వాడే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ ఫోన్ సొరుగులో ఏడాదిపాటు సున్నా శాతంతో పడి ఉంటే, వాడకపోయినా బ్యాటరీ పాడైపోయి ఉండొచ్చు. దాచాలనుకుంటే సగం చార్జ్‌తో ఆఫ్ చేసి దాచాలి.

మార్పించేటప్పుడు డేటా బ్యాకప్ తీసుకుని ఇవ్వండి. వెనక మూత వేడిచేసి తీస్తారు, జిగురు పోతుంది, కాబట్టి నీటి నుంచి రక్షణ మునుపటిలా ఉండదు. వాన కాలంలో ఆటోలో వాడే ఫోన్‌కి ఇది ముఖ్యం, కొత్త గమ్ సీల్ వేయమని అడగండి. ఇంతకీ ఆ మూత అంచు ఒకసారి వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా గోరు దూరేంత లేచి ఉన్నా, బల్ల మీద వెల్లకిలా పెడితే ఫోన్ గిరగిరా తిరుగుతున్నా, తెర అంచున ఒకచోట మచ్చలా వెలుగు కారుతున్నా బ్యాటరీ ఉబ్బుతోంది. అప్పుడు చార్జ్ చేయడం ఆపేయండి, నొక్కకండి, గుచ్చకండి, ఇంట్లో విప్పే సాహసం వద్దు, నేరుగా తీసుకెళ్లండి. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే, సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చేయండి.

ఇప్పుడు నన్ను అసలు బాధపెట్టిన విషయం. ఫోన్ ఆటో ముందు హోల్డర్‌లో రోజంతా ఎండ తగులుతూ, మ్యాప్ నడుస్తూ, చార్జర్‌కి తగిలే ఉంటుందని రాశారు. కొత్త బ్యాటరీ వేయించి మళ్లీ అక్కడే పెడితే రెండు ఎండాకాలాలకే ఇదే పరిస్థితి వస్తుంది. లిథియం సెల్‌ని వేడి, నిండు చార్జ్ రెండూ కలిసి తినేస్తాయి. బ్యాటరీల గురించి వివరించే బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ పట్టిక ప్రకారం, వాడకుండా ఊరికే ఏడాది పెట్టినా, 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జ్‌తో ఉన్న సెల్‌లో 96 శాతం కెపాసిటీ మిగులుతుంది. 40 డిగ్రీల దగ్గర నిండు చార్జ్‌తో ఉంచితే 65 శాతమే మిగులుతుంది. విజయవాడలో మే నెలలో కొన్ని రోజులు నీడలోనే 42, 43 డిగ్రీలు. ఎండ తగిలే నల్లటి ఫోన్ లోపల ఎంత ఉంటుందో ఊహించండి.

చాలా ఫోన్లు సెల్ 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ వేగం బాగా తగ్గిస్తాయి, లేదా ఆపేస్తాయి. ఆటోలో ఉండే యూఎస్‌బీ సాకెట్ చాలావరకు 1 ఆంపియర్ ఇచ్చే రకం. మ్యాప్, ఫుల్ వెలుగు, డేటా కలిపి ఫోన్ వాడేది దాదాపు అంతే. అందుకే పొద్దున నుంచి చార్జర్‌కి ఉన్నా సాయంత్రానికి శాతం పెరగదు, బ్యాటరీ మాత్రం గంటల తరబడి కాగుతూ ఉంటుంది.

హోల్డర్‌ని అద్దం దగ్గరినుంచి తీసి మోకాలి పక్కన, నీడ పడే చోటికి మార్పించండి. ఈ ఒక్క మార్పు మిగతా అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. వెనకున్న మందపాటి రబ్బరు కేసు డ్యూటీలో తీసేయమనండి. దారి తెలిసిన ట్రిప్పుల్లో మ్యాప్ కట్టేసి, మాట వినిపించే నావిగేషన్ అవసరమైనప్పుడే పెట్టుకోమనండి, తెర ఆరి ఉంటే వేడి తగ్గుతుంది. సెట్టింగ్స్‌లో 80 లేదా 85 దగ్గర ఆపే సౌకర్యం ఉంటే పెట్టండి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే అప్పుడు ఫ్యాను కింద మంచి చార్జర్‌తో అరగంట ఎక్కించడం, ఎండలో నాలుగు గంటలు సన్నగా ఎక్కించడం కంటే వెయ్యి రెట్లు నయం. సిగ్నల్ తక్కువుండే ప్రాంతాల్లో ఫోన్ టవర్ కోసం వెతుకుతూ అదనంగా వేడెక్కుతుంది, 5జీ అంతంతమాత్రంగా వచ్చే చోట 4జీకి మార్చి ఉంచడం మంచిది.

కొత్త బ్యాటరీ వేశాక మొదటి రెండు మూడు రోజులు శాతం అటూ ఇటూ దూకవచ్చు. గేజ్ బోర్డు మీదున్న ఫోన్లలో అది ఇంకా పాత సెల్ అలవాట్లే పట్టుకుని ఉంటుంది. పైన చెప్పిన ఖాళీ నుంచి నిండు దాకా పద్ధతి ఒకసారి చేస్తే కుదురుకుంటుంది. తర్వాత అదే టార్చ్, వీడియో పరీక్ష 30 శాతం దగ్గర మళ్లీ చేయండి, పాత అంకెల పక్కనే కొత్తవి రాసుకోండి.

కొత్త, అసలైన బ్యాటరీతో కూడా అదే చోట నల్లబడి ఆగిపోతే అప్పుడు బోర్డు సంగతి చూద్దాం. ఆ రోజు షాపువాళ్లను "బోర్డు మార్చండి" అని కాదు, "బ్యాటరీ తీసి డీసీ సప్లై మీద పెట్టి చూపించండి" అని అడగండి. డీసీ సప్లై అంటే బ్యాటరీ బదులు ఫోన్‌కి నేరుగా కరెంటు ఇచ్చే, మీటర్ ఉన్న పెట్టె. ఫోన్ ఆఫ్‌లో ఉండగా సప్లై మీటర్‌లో కరెంటు దాదాపు సున్నా చూపించాలి. బటన్ నొక్కకముందే పదుల మిల్లీఆంపియర్లు లాగుతుంటే లీకేజ్ ఉంది, అంటే కరెంటు వృథాగా కారిపోతోంది, ఏ లైన్‌లో ఏ కెపాసిటర్ (బోర్డు మీది చిన్న భాగం) వేడెక్కుతోందో వెతికి ఆ ఒక్క ముక్క మార్చే మెకానిక్‌లు మీ ఊళ్లోనే దొరుకుతారు. సప్లైని 3.7 వోల్టులకు పెట్టి ఫోన్ ఆన్ చేయించి, కెమెరా, టార్చ్ వేయించండి. మంచి సప్లై మీద ఆగకుండా నడిచిందంటే బోర్డు బాగున్నట్టే, వేసిన బ్యాటరీనే వెనక్కి ఇచ్చి మార్పించుకోండి.